మూలలో వసకొమ్ము

పోయిన వారం గోపమ్మను రేకుల పందిరి కింద, సగం విప్పిన బొంత ముందు, గుప్పిట బిగించి కూర్చోబెట్టి మన దారిన మనం వచ్చేశాం. ఆ గుప్పిట్లో ఏముందో చెప్పనందుకు మీలో కొందరు నన్ను తిట్టుకునే ఉంటారు. తిట్టుకోండి, పడతాను. మీకు వారం గడిచింది గానీ గోపమ్మకు ఇంకా పావుగంట కూడా గడవలేదు.

కొత్తగా చదివేవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. కల్వకుర్తికి ఆరు కిలోమీటర్ల దూరంలో ఒక పల్లెలో గోపమ్మ బొంతలు కుడుతుంది. ఎండాకాలం చేలల్లో పని ఉండదు కాబట్టి చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు పాత చీరలు మూటగట్టి తెచ్చి ఆమె వాకిట్లో పడేసి పోతారు. సోమవారం నాడు గోపమ్మ ఒక్కతే ఉన్నప్పుడు సుమన అనే ఆవిడ స్కూటీ మీద వచ్చి, పసిపిల్లలకు కప్పే చిన్న బొంత ఒకటి ఇచ్చింది. బ్యాంకు ఉద్యోగం, హాలియా నుంచి కల్వకుర్తికి బదిలీ మీద వచ్చి రెండు నెలలు. వాళ్ళ పాప రూపకు ఏడేళ్ళట. ఈ బొంత లేకపోతే నిద్రపోదట. కప్పుకుంటే మోకాళ్ళు బయటికొస్తున్నాయట. “చుట్టూ బట్ట కలిపి పెద్దది చెయ్యండమ్మా, గురువారం నాలుగు గంటలకు వస్తా” అని చెప్పి, పాప పాత గౌన్లు రెండు, తన చీర ఒకటి ఇచ్చి వెళ్ళింది. బజార్లో టైలరు ఎవరో గోపమ్మ పేరు చెప్పాడట.

గోపమ్మ మంగళ, బుధవారాలు వేరే బొంత పనిలో ఉండిపోయింది. గురువారం పొద్దున దీన్ని చేతిలోకి తీసుకుంది. పాతది చిరిగిందని ఎవరో పైనా కిందా పూలబట్ట కప్పి మిషను కుట్టు వేశారు. మిషను కుట్టంటే గోపమ్మకు ఒళ్ళుమంట. విసుక్కుంటూ ఆ పూలబట్ట విప్పింది. లోపల పాత బొంత బయటపడింది. దాని మూల విప్పుతుంటే వేళ్ళకు గట్టిగా ఏదో తగిలింది.

అది వసకొమ్ము. చిటికెన వేలి గోరంత ముక్క. అదే ఇప్పుడు ఆమె గుప్పిట్లో ఉంది.

పసిపిల్లలకు వస అరగదీసి నాకించడం అందరూ చేసేదే. దాన్ని బొంత మూలలో పెట్టి కుట్టడం మాత్రం గోపమ్మ తల్లి జంగమ్మకు ఒక్కదానికే ఉన్న అలవాటు. పిల్ల దగ్గరికి ఏ పీడా రాదని ఆమె నమ్మకం. తల్లి నుంచి అది గోపమ్మకు వచ్చింది. కూలికి కుట్టే బొంతల్లో పెట్టదు, సొంత ఇంటి పసికందుకైతేనే పెడుతుంది. అలా తన జన్మలో రెండు బొంతలకు పెట్టింది. ఒకటి కూతురు కోమల పుట్టినప్పుడు. అది ఎప్పుడో చీకిపోయి పొయ్యి దగ్గర మసిగుడ్డ అయిపోయింది. రెండోది కోమల కన్న బిడ్డకు. ఆ బిడ్డ పుట్టిన నాలుగో రోజే పోయింది. ఆ బొంతలో చుట్టే మట్టిలో పెట్టారు. ఏడేళ్ళయింది.

మట్టిలో ఉండాల్సిన బొంత గోపమ్మ ఒడిలో ఉంది.

ఆమె వసను పంటి కింద పెట్టి కొరికింది. ఎన్ని ఉతుకులు ఉతికారో, పైన వాసనే లేదు. లోపల మాత్రం ఆ ఘాటు అలాగే ఉంది, నాలుక చురుక్కుమంది. అయినా మనసు ఒప్పుకోలేదు. బొంత పొరలు వేళ్ళతో విడదీసి చూసింది. పై పొర మొగుడు లచ్చయ్య పెళ్ళినాటి తెల్ల ధోవతి, అక్కడక్కడ చిరిగి లోపలిది కనపడుతోంది. నడిమి పొర కోమల పదో తరగతిలో వేసుకున్న నీలం ఓణీ. అడుగున జంగమ్మ ముక్కుపొడి రంగు చీర. కుట్టు జొన్నగింజంత, అంచు నుంచి లోపలికి పదకొండు చుట్లు. పన్నెండో చుట్టు సగంలో ఉండగా నొప్పులొచ్చాయని కోమల భర్త ఫోన్ చేస్తే, అక్కడికక్కడ ముడివేసి దారం తెంపి, బొంతతో పట్నం బస్సెక్కింది. ఆ తెంపిన ముడి ఇదిగో, బొంత నడుమ, అలాగే ఉంది. ఎవరి చేతిరాత వాళ్ళు గుర్తుపట్టరా?

పిల్ల పోయింది సరే, బొంత ఎట్లా బతికింది?

ఒక్కటే దారి తోచింది ఆమెకు. ఎవరో మట్టి తవ్వి బొంత తీసుకుపోయారు. రెండో సంగతి ఆమె అనుకోలేదు. అనుకోవడానికి భయపడింది. ఎందుకంటే రెండో సంగతి నిజమైతే రూప అనే పిల్ల ఉంది, దానికి ఏడేళ్ళు, మోకాళ్ళు బయటికొస్తున్నాయి.

ఆ రోజు ఆమె చూడలేదు. పసిబిడ్డ పోతే వాళ్ళలో ఆడవాళ్ళు మట్టి దగ్గరికి పోరు. మగవాళ్ళే తీసుకుపోయి, మగవాళ్ళే పూడ్చి, స్నానం చేసి వస్తారు. అప్పుడు పోయింది లచ్చయ్య ఒక్కడే. పట్నం నుంచి తెల్లారగట్ల చిన్న మూటతో దిగి, ఇంటికి కూడా రాకుండా వాగు ఒడ్డున తుమ్మల కిందికి పోయి, పని ముగించుకుని వచ్చాడు. “బొంతల సుట్టే పెట్టిన గోపమ్మా, దానికి సలి పెట్టది” అన్నాడు. ఆ ఒక్క మాట పట్టుకుని ఆమె ఏడేళ్ళు బతికింది.

లచ్చయ్య ఉపాధి పనికి పోయి పదకొండింటికి వచ్చాడు. తలగుడ్డ విప్పి మొహం తుడుచుకుంటూ, “చెంబెడు నీళ్ళియ్యే” అన్నాడు. ఈ ఊళ్ళో ఇంత మెత్తని మనిషి ఇంకొకడు లేడని పేరు. బస్సులో ముందు సీటు దొరికినా వెనక్కి చూసి ఎవరైనా ముసలివాళ్ళు ఉన్నారేమోనని లేచే రకం. అబద్ధం ఆడితే చెవులు ఎర్రబడతాయి. అలాంటివాడు ఏడేళ్ళు ఒక అబద్ధాన్ని మోశాడంటే, అది ఎంత బరువో మీరే లెక్క కట్టుకోండి.

గోపమ్మ లేవలేదు. నీళ్ళూ ఇవ్వలేదు. గుప్పిట విప్పి చూపించింది.

“ఇదేంది?” అని అడిగింది.

“వస. నీకు తెల్వదా?”

“గీ బొంతలున్నది.”

లచ్చయ్య బొంత చూశాడు. మామూలుగానే చూశాడు. గుడ్డపేలికల్లో ఏముంటుంది అతనికి? ఏ బొంత చూసినా అతనికి బొంతే. ఆ లెక్కే కొంపముంచింది. ధోవతి చూసినా తనదని పోల్చుకోలేదు.

“ఎవలదో ఉంటది. నువ్వే కుట్టి ఉంటవు,” అన్నాడు.

“నేనే కుట్టిన. కోమల బిడ్డకు కుట్టిన. మన్నుల పెట్టినవ్ గదా, ఎట్ల లేచొచ్చిందయ్యా?”

తలగుడ్డ అతని చేతిలోనే ఆగిపోయింది. చెవులు ఎర్రబడ్డాయి. గోపమ్మ ఆ చెవులనే చూస్తూ కూర్చుంది. అంతకన్నా జవాబు అక్కర్లేదు, కానీ నోటితో వినాలి.

“ఆ గుంతల ఏం పెట్టినవ్?”

అతను గోడకు జారగిలబడి నేల మీద కూర్చున్నాడు.

“చెప్పు. ఏం పెట్టినవ్?”

“నా తువాల,” అన్నాడు. “రాయికి తువాల సుట్టి పెట్టిన.”

గోపమ్మకు ఏడుపు రాలేదు. నవ్వు లాంటిది ఒకటి గొంతులోకి వచ్చి అక్కడే ఇరుక్కుంది. ప్రతి ఏడూ ఆ రోజున కోమల ఒక బిస్కెట్టు పుడ కొని, “బాపూ, ఆడ పెట్టి రా” అని ఇస్తుంది. లచ్చయ్య తీసుకుపోయి తుమ్మల కింద పెట్టి వస్తాడు. ఏడు పుడలు, ఒక తువాలకు.

“బతికున్నదా?” అని అడిగింది.

“అప్పుడు బతికే ఉండె. ఇప్పుడు... నాకేమెరుక. ఇయ్యాల్టిదాంక తెల్వదు.” “నువ్వు సలిబట్టలు తెస్తనని ఊరికి వచ్చినవ్ జూడు, ఆ దినం. డాక్టరు పిలిచిండు. కిలో పావు లేదు బిడ్డ, అద్దాల పెట్టెల పెట్టాలె, నలభై దినాలు అన్నడు. పెట్టె ఖాళీ లేదాడ. ఇంకో దవాఖాన సూస్కోండ్రి అన్నడు. యాడికని పోవాలె గోపమ్మా? అల్లుడు లారీ మీద మహారాష్ట్రల ఉండె, ఫోన్ కలువలె. మెట్ల మీద కూసున్న. పక్కన మొగుడు పెండ్లాం ఇద్దరు కూసుండి ఏడుస్తున్నరు. వాళ్ళది ఆ పొద్దుగాలనే పోయిందట. దానికోసరం ఇంకో పెద్ద దవాఖానల పెట్టె మాట్లాడి పెట్టుకున్నరు. పెట్టె ఉన్నది, బిడ్డ లేదు వాళ్ళకు. మనకు బిడ్డ ఉన్నది, పెట్టె లేదు.”

“ఇచ్చినవా?”

“ఇచ్చిన.”

“పెట్టెల పెట్టనీకె ఇచ్చినవా, ఉంచుకోనీకె ఇచ్చినవా?”

లచ్చయ్య మెల్లగా అన్నాడు: “అడిగినోళ్ళు ఉంచుకోనీకెనే అడిగిండ్రు. ఏం తీసుకోలె నేను. ఒక్క చాయ్ గూడ తాగలె వాళ్ళ దగ్గర. బతుకుతదని ఇచ్చిన, అంతే.”

“నాతోని చెప్పకుంట!”

“నువ్వుంటే ఇయ్యనిస్తుంటివా?”

“సచ్చినా ఇయ్యనియ్యకపోదును.”

“ఇయ్యకుంటే అది సచ్చేది,” అన్నాడు లచ్చయ్య.

మొగుణ్ణి తిట్టడానికి ఊళ్ళో ఉన్న తిట్లన్నీ ఆమెకు వచ్చు. ఒక్కటి కూడా అతని మీద పనిచేయదు. అతను దొంగ కాదు, తాగుబోతు కాదు, బిడ్డను అమ్ముకున్నవాడు కాదు. మనిషి చెడ్డవాడైతే ఎంత సులువు! కొట్టొచ్చు, పోలీసు దగ్గరికి పోవచ్చు. ఇప్పుడు ఎవరి దగ్గరికి పోవాలి? పోతే ముందు లోపల పడేది ఇతనే.

“మరి బొంత ఎందుకు ఇచ్చినవ్?” అంది చివరికి. అదొక్కటే అడగడానికి మిగిలింది. “బొంత గుంజుకుంటే ఇయ్యాల నాకు ఈ గోస లేకుండె. ఏడేండ్లు ఏడ్సిన, ఇంకింత ఏడ్సి సద్దును.”

“సలికి వణుకుతుండె గోపమ్మా. ఎట్ల గుంజుకోను?” అన్నాడు. “కోమల—”

“దాని పేరెత్తకు!” గోపమ్మ చెయ్యెత్తింది. “అది వినొద్దు. ఏడో నెల దానికి. తెలిసిందంటే ఈ కడుపు గూడ నిలువది. నీ నోట్లకెళ్ళి దాని పేరు రావొద్దు ఇయ్యాల.”

“గది కాదే, నేను చెప్పేది జర విను—”

“నోరు మూసుకో.”

లచ్చయ్య నోరు మూసుకున్నాడు. ఆమె ఒక్కసారి విని ఉంటే బాగుండేది. ఆ సంగతి ఆమెకు సాయంత్రం నాలుగు దాటాక గానీ తెలియలేదు.

కోమల అప్పుడు ఇంట్లో లేదు. పొద్దుననే అంగన్‌వాడీకి పోయింది. బరువు చూసి, అక్కడే అన్నం, గుడ్డు పెట్టి పంపుతారు. పుట్టింట్లో కాన్పుకని నెల క్రితమే వచ్చింది. ఏడేళ్ళు కడుపు నిలవక, రెండు పోయి, ఇది మూడోది. ఇంతకాలం గోపమ్మ ఆ పిల్ల కళ్ళల్లో నీళ్ళు చూడలేదు. బిస్కెట్టు పుడ ఇచ్చేటప్పుడు కూడా ఏడవదు. ఆ రోజంతా ఎవరితోనూ మాట్లాడకుండా వంటపాత్రలు తోముతుంది, తోమినవే తోముతుంది. ఏడవకపోవడమే గోపమ్మకు భయం.

ఫోన్ మోగింది. సుమన.

“అమ్మా, బొంత అయిపోతదా నాలుగింటికి? మా పాపను కూడా తీసుకొస్తున్నా. తన బొంత ఎట్లా పెద్దగయిందో తనే చూస్తుందట, ఒకటే గోల.”

“అయిపోతది మేడం,” అంది గోపమ్మ. ఎవరి గొంతో మాట్లాడినట్టుంది.

ఫోన్ పెట్టేసి అలాగే కూర్చుంది. పిల్ల వస్తుంది. ఈ వాకిట్లోకి, తన కాళ్ళ మీద తను నడుచుకుంటూ. ఆమెకు ఎగిరి గంతెయ్యాలనిపించింది, అదే క్షణంలో ఇల్లు తాళం వేసి ఎటైనా పారిపోవాలనిపించింది. వసకొమ్మును కొంగున ముడివేసి, ముడిని రొండిన దోపుకుంది. కాయితం లేదు, సంతకం లేదు, చూసినవాళ్ళు లేరు. ఆ పిల్ల నా ఇంటి పిల్ల అని చెప్పడానికి లోకంలో ఆమెకున్నది ఆ గోరంత ముక్క ఒక్కటే. బొంత ఇచ్చేస్తాను, ఇది మాత్రం ఇవ్వను అనుకుంది.

తర్వాత కుట్టడం మొదలుపెట్టింది. ఇంకేం చేస్తుంది? నాలుగింటికి ఇస్తానని మాట ఇచ్చింది. సుమన చీర నిలువునా చింపి, నాలుగు వైపులా పట్టీలు పరిచింది. నడుమ తన తల్లి చీర, తన కూతురి ఓణీ. చుట్టూ ఆ పరాయి ఆవిడ చీర. అరచేత్తో ముడతలు సాపు చేసి, బొంత మీదనే కూర్చుని, దబ్బనం దింపింది. చెయ్యి తన పని తాను చేసుకుపోయింది. ఇన్నేళ్ళ అలవాటు, ఏ కుట్టూ వంకర పోలేదు. కన్నీళ్ళు మాత్రం ఇప్పుడు వచ్చాయి. వాటిని తుడుచుకోవడానికి కుట్టు ఆపలేదు.

రెండింటికి కోమల వచ్చింది, ఎండకు మొహం కందిపోయి. “ఎవలదే అమ్మా?” అంది, బొంత వైపు చూసి. గోపమ్మ మోకాలితో నడిమి భాగం కప్పేసింది.

“ఎవల్దో. బ్యాంకు మేడందట.”

“గౌన్ల బట్ట మంచిగున్నది,” అని లోపలికి పోయి పడుకుంది కోమల. లచ్చయ్య గోడకు ఆనుకుని ఇద్దరినీ మార్చి మార్చి చూస్తున్నాడు. గోపమ్మ కళ్ళతోనే కసిరింది.

మూడున్నరకు కూతుర్ని లేపింది. “బిడ్డా, జర బక్కమ్మ అత్త ఇంటికి పోయి సన్న సూది అడుక్క రా పో. నాది ఇరిగింది. కూసో కాసేపు, దాని కోడలు వచ్చిందట పలకరించి రా.” సూది విరగలేదు. బక్కమ్మ ఇల్లు ఊరి ఆ చివర. బక్కమ్మ మాటల్లో పడితే గంట లోపల ఎవరూ బయటపడరని గోపమ్మ ధైర్యం. కోమల నడుం పట్టుకుని లేచి, చెప్పులేసుకుని వెళ్ళింది. లచ్చయ్యను పక్కన ఉండమని పంపుదామంటే, ఆ మెత్తని మనిషి దారిలోనే అంతా కక్కేస్తాడు. అతన్ని ఇంట్లోనే ఉంచింది.

నాలుగింటికి స్కూటీ ఆగింది.

ముందు నిలబడి వచ్చిన పిల్ల దిగింది. బక్కపలచని పిల్ల, రెండు జడలు, ముందు పన్ను ఒకటి ఊడింది. గోపమ్మ ఆ పిల్లలో కోమలను వెతికింది, లచ్చయ్యను వెతికింది, తనను వెతికింది. ఏదీ దొరకలేదు. ఆ పిల్ల ఆ పిల్లలాగే ఉంది. చెవులు మాత్రం ఎండకు ఎర్రగా కందిపోయి ఉన్నాయి.

లోపలి గుమ్మంలో లచ్చయ్య చీకట్లోకి జరిగాడు. సుమన అతన్ని చూడలేదు.

“అబ్బ, ఎంత పెద్దగయింది!” సుమన బొంత ఎత్తి చూసి మురిసిపోయింది. మెడలో సన్న గొలుసు, దానికి చిన్న శిలువ. మంచి మొహం. అది మంచిది కాకపోతే ఎంత బాగుండేదని గోపమ్మకు అనిపించింది. “చూడు రూపా, మమ్మీ చీర, నీ గౌను. బాగుందా?”

రూప బాగుందో లేదో చెప్పలేదు. బొంత మీద మోకాళ్ళ మీద కూర్చుని, పాత బొంత మూల ఎక్కడుందో వెతికి పట్టుకుంది. బొటనవేలితో రుద్దింది. వేలు ఆగింది. ఇంకో మూలకు పోయింది. అక్కడా రుద్దింది. మూడో మూల, నాలుగో మూల. తిరిగి మొదటి మూలకు వచ్చింది.

“మమ్మీ, నా గింజ లేదు.”

“ఏం గింజరా?”

“ఈ మూలకు ఉంటది గదా, గట్టిగా. దాన్ని పట్టుకుంటేనే నాకు నిద్రొస్తది.”

“నాకు తెలియదే! బొంతలో గింజేంటి?” సుమన నవ్వింది. పిల్ల నవ్వలేదు. పెదవి వంకర పోయింది. గట్టిగా ఏడవలేదు, గోల చేయలేదు. కొత్తచోట కదా, ఆపుకుంటోంది. కన్నీటి చుక్క ఒకటి జారి లచ్చయ్య ధోవతి మీద పడింది.

“అమ్మా, మీకేమన్నా దొరికిందా, విప్పేటప్పుడు?” అని అడిగింది సుమన.

దొరకలేదని చెప్పొచ్చు. చెప్పాలనే అనుకుంది గోపమ్మ. రొండిన ముడి ఒత్తుకుంటోంది. ఇది ఇస్తే ఇక తన దగ్గర ఏమీ ఉండదు. రేపు ఏ పంచాయితీకి పోయినా, ఏ పెద్దమనిషి కాళ్ళు పట్టుకున్నా, పిచ్చిది ఏదో వాగుతోందంటారు. ఇవ్వకపోతే ఈ రాత్రి ఈ పిల్ల నిద్రపోదు. తన తల్లి అలవాటు, తన చేత్తో పెట్టిన వస. పిల్ల దగ్గరికి ఏ పీడా రాకూడదని పెట్టింది కదా! అది పనిచేసింది. ఏడేళ్ళు పనిచేసింది. ఇప్పుడు దాన్ని దాచుకుని తనే పీడ కావాలా?

ఏం చేయగలదు ఆమె? కొంగు ముడి విప్పింది.

“దొరికింది బిడ్డా,” అంది. “పోతదేమోనని దాసిపెట్టిన.”

“అదే! అదే!” రూప మొహం వెలిగింది. లచ్చయ్య ధోవతి మూల విప్పి, ముక్కను లోపల పెట్టి, గోపమ్మ కుట్టసాగింది. పిల్ల మోచేతులు ఆమె తొడ మీద ఆనించి, దబ్బనం ఎటు పోతే అటు తల తిప్పుతూ చూసింది. తలనూనె వాసన. ఊడిన పంటిలోంచి వచ్చే గాలి గోపమ్మ చేతి మీద వెచ్చగా తగులుతోంది. కుట్టు చిన్నది, నాలుగు పోట్లలో అయిపోతుంది. గోపమ్మ పద్నాలుగు వేసింది.

“గట్టిగా కుట్టు అవ్వా,” అంది రూప.

వీధిలో ప్రతి ముసలిదాన్నీ పిల్లలు అవ్వా అనే పిలుస్తారు. ఆ సంగతి గోపమ్మకు తెలుసు. అయినా ఆ పిలుపుకు ఆమె తల వంగిపోయింది.

అప్పుడు చెప్పుల చప్పుడు వినిపించింది. గోపమ్మ తలెత్తింది. వాకిలి బయట కోమల, చేతిలో సూది గుచ్చిన కాగితం ముక్క. బక్కమ్మ ఇంట్లో లేక సూది ఆమె కోడలే ఇచ్చి ఉంటుంది, గంట కాకముందే తిరిగొచ్చింది. ఏం చెప్పాలో వరసగా పేర్చుకుంది. పరాయి పిల్ల, బ్యాంకు మేడం బిడ్డ, నువ్వు లోపలికి పో. అబద్ధాలన్నీ నాలుక చివర సిద్ధంగా ఉన్నాయి. బొంత నడిమి ఓణీ కనపడకుండా పిల్లను దగ్గరికి లాక్కుంది.

కోమల ఓణీ చూడలేదు. పిల్లను కూడా చూడలేదు. పిల్లను చూడకుండా ఉండటానికి మెడ బిగబట్టి నిలబడినట్టుంది. ఆమె చూపంతా సుమన మీదే.

సుమన లేచి నిలబడింది. భుజం మీది సంచి జారి కింద పడితే తీసుకోలేదు. మొహంలో రక్తం లేదు. “నాకు తెలియదు,” అంది. “దేవుడి తోడు, ఇది మీ ఇల్లని నాకు తెలియదు. బదిలీ... నా చేతిలో లేదు.”

గోపమ్మ కూతురి వైపు చూసింది, గుమ్మంలోకి వచ్చి నిలబడ్డ మొగుడి వైపు చూసింది. లచ్చయ్య తల వంచుకున్నాడు. పొద్దున అతను రెండుసార్లు చెప్పబోయి ఆగిన మాట ఏమిటో అప్పుడు అర్థమైంది ఆమెకు.

కోమల ఒక చెయ్యి కడుపు మీద వేసుకుంది.

“దవాఖాన మంచం మీద నా చేతుల చెయ్యేసి చెప్పినవ్ గదా మేడం,” అంది, “బిడ్డను నాకియ్యి, నీ కండ్ల ముందటికి ఎప్పటికీ తీసుకరానని.”